ఆపద రాకముందే తలుపు తట్టండి

2024 సెప్టెంబర్ తొలి రోజులలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక కాలనీలను ముంచెత్తినప్పుడు మా బంధువుల ఇల్లు కూడా నీటి మధ్య చిక్కుకుంది. కింది అంతస్తు పూర్తిగా మునిగిపోయింది. పై అంతస్తులో మా ఖాలా, ఆమె ఇద్దరు కోడళ్లు, ముగ్గురు పసిపిల్లలు ఉండిపోయారు. ఖాలా కుమారులలో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. మరొకరు పనిమీద హైదరాబాదు వెళ్లి, దారులు తెగిపోవడంతో తిరిగి రాలేకపోయారు. రెండవ రోజు ఉదయం ఒక పడవ వారి ఇంటి ముందుకు వచ్చింది. పడవలోని యువకులు చేతులు చాచి రమ్మన్నారు. ఖాలా దిగలేదు. “ఇంట్లో మగవారు లేరు. మీరెవరో మాకు తెలియదు. పిల్లలకు పాలు, తాగడానికి నీళ్లు ఇచ్చి వెళ్లండి నాయనా, అదే చాలు” అన్నారు. వారు తమ దగ్గర ఉన్నవి ఇచ్చి ముందుకు సాగిపోయారు. వారిని తప్పుపట్టలేము. పక్క వీధిలో ఇంకా ఎందరో ఎదురుచూస్తున్నారు.

ఖాలాకు మధుమేహం ఉంది. ఆమె ఇన్సులిన్ కింది అంతస్తులోని ఫ్రిజ్‌లో ఉండి, ఫ్రిజ్‌తో పాటు నీట మునిగింది. ఆ సంగతి పడవలోని యువకులకు తెలియదు. చెప్పాలని ఆమెకూ తోచలేదు. మూడవ రోజు సాయంత్రం మళ్లీ పడవ వచ్చింది. ఈసారి అందులో పక్క వీధిలో పిల్లలకు ఖుర్ఆన్ చదవడం నేర్పే ఒక ఆపా ఉన్నారు. ఆమె కింది నుండే, “ఖాలా! నేను వచ్చాను. పిల్లలను అందుకుంటాను, దిగండి” అని పిలిచారు. అయిదు నిమిషాలలో ఇల్లంతా పడవలోకి దిగింది. అప్పటికి ఖాలా సగం స్పృహలో ఉన్నారు. ఆరు రోజులు ఆసుపత్రిలో గడిపి, అల్లాహ్ దయ వల్ల కోలుకున్నారు.

ఆ మూడు రోజులూ నేను మా ఊరి మస్జిదు ఆవరణలో అన్నం పొట్లాలు కట్టిస్తూ, వాహనాలలోకి ఎక్కిస్తూ ఉన్నాను. గొప్ప ఖిద్మత్ చేస్తున్నామన్న తృప్తితో రాత్రి నిద్రపోయాను. నా సొంత ఖాలా ఇన్సులిన్ లేకుండా ఉన్నారన్న సంగతి నాకు తెలియదు. ఫోను చేశాను, అందలేదు. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఈ మాట ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా వ్రాయక తప్పదు. ఎందుకంటే ఆ రోజున ఆ ఇంటికి పడవ కరువు కాలేదు, ఆహారం కరువు కాలేదు. కరువైనది ఒక్కటే. తెలిసిన ముఖం.

విపత్తు వేళ స్వచ్ఛంద సేవ అనగానే మనకు స్ఫురించేది ఆపద వచ్చిన తరువాత జరిగే పని. దుప్పట్లు, బియ్యం, పాలు, మందులు. అవి అవసరమే. కానీ ప్రాణాలను కాపాడే సేవలో అధిక భాగం ఆకాశం నిర్మలంగా ఉన్న రోజులలో జరుగుతుంది. ఈ సత్యాన్ని మనకన్నా ముందు, మనకన్నా ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకున్న ఒక సమాజం ఉంది. మన తీరాన్ని తాకే బంగాళాఖాతమే వారి తీరాన్నీ తాకుతుంది. వారి అనుభవాన్ని కొంత వివరంగా తెలుసుకుందాం.

1970 నవంబర్ 12 రాత్రి నాటి తూర్పు పాకిస్తాన్, నేటి బంగ్లాదేశ్ తీరాన్ని భోలా తుఫాను తాకింది. ఒక్క రాత్రిలో మూడు నుండి అయిదు లక్షల మంది మరణించారని అంచనా. తుఫాను వస్తున్నదన్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు. నదీ ముఖద్వారాలలోని లంకలలో గుడిసెలు వేసుకున్న వారికి మాత్రం ఆ వార్త వారిని కదిలించే రీతిలో చేరలేదు. ఆ విషాదం నుండి 1972లో ‘తుఫాను సన్నద్ధతా కార్యక్రమం’ పుట్టింది. రెడ్‌క్రాస్ ఉద్యమం ప్రారంభించిన ఈ కార్యక్రమంలో మరుసటి సంవత్సరం ప్రభుత్వం కూడా భాగస్వామి అయింది. దాని రహస్యం చాలా సులువైనది. ప్రతి గ్రామంలోనూ అదే గ్రామానికి చెందిన కొందరిని ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. చేతి సైరన్, మెగాఫోన్, రేడియో, ప్రథమ చికిత్స పెట్టె, ఎర్ర జెండాలు సమకూర్చారు. ప్రమాద తీవ్రత పెరిగే కొద్దీ ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగురుతాయి. చదువురాని జాలరికి కూడా ఆ లెక్క అర్థమవుతుంది. మస్జిదుల మైకులు కూడా హెచ్చరికలు వినిపిస్తాయి. హెచ్చరించడం, కాపాడడం, ఆశ్రయం చూపడం, ప్రథమ చికిత్స, సహాయ పంపిణీ, ఇలా ఎవరి బాధ్యత వారికి ముందే తెలిసి ఉంటుంది. జీతం లేదు. రైతు, జాలరి, దుకాణదారు, ఉపాధ్యాయుడు, వీరే కార్యకర్తలు.

అయినా 1991 ఏప్రిల్ 29 రాత్రి మరో ప్రచండ తుఫాను చిట్టగాంగ్, కాక్స్‌బజార్ తీరాలను తాకినప్పుడు సుమారు లక్షా నలభై వేల మంది మరణించారు. ఈసారి హెచ్చరిక అందింది. అత్యున్నత ప్రమాద సూచిక అయిన పదవ నంబరు సంకేతం ఎగిరింది. మరి ప్రజలు ఎందుకు కదలలేదు? ఇంతకుముందు ఇటువంటి హెచ్చరికలు వచ్చి ఏమీ జరగలేదు కదా అని కొందరు అనుకున్నారు. పశువులను వదలలేక కొందరు, ఇంట్లో దొంగలు పడతారని కొందరు ఆగిపోయారు. ఆశ్రయ భవనాలూ చాలినన్ని లేవు. వీటన్నిటికన్నా మనసును కలచివేసే సంగతి మరొకటి ఉంది. ఇరవై నుండి నలభై నాలుగేళ్ల వయసు గలవారిలో ప్రతి వెయ్యి మంది పురుషులకు 15 మంది మరణించగా, ప్రతి వెయ్యి మంది స్త్రీలకు 71 మంది మరణించారు. ఒకే తుఫాను, ఒకే ఊరు, అదే వయసు.

కారణాలు వెతికినప్పుడు తేలిన విషయాలు మన ఇళ్లకు కొత్తవి కావు. హెచ్చరిక బజారులో, మైదానంలో పురుషుల నుండి పురుషులకు చేరింది. ఇంటి లోపలికి ఆలస్యంగా వచ్చింది. భర్త తిరిగి వచ్చి చెప్పనిదే ఇల్లు కదలకూడదని స్త్రీలు ఎదురుచూశారు. ఆశ్రయ భవనాలలో స్త్రీలకు వేరుగా గది లేదు, మరుగుదొడ్డి లేదు. పరాయి మగవారి మధ్య రాత్రంతా ఎలా ఉండాలని సంకోచించారు. ఒక చేతిలో పసిబిడ్డ, మరో చేతిని పట్టుకుని మరో బిడ్డ, ఒంటికి చుట్టుకుపోయే తడి చీర. వారిని ముంచింది నీరే. కానీ నీటికంటే ముందే మనుషులు అల్లిన అనేక కారణాలు వారిని గుమ్మంలో నిలబెట్టి ఉంచాయి.

మా ఖాలా ఆ రోజు పడవ ఎక్కకపోవడానికి కారణం కూడా అదే కదా! ఆమె మొండితనమేమీ కాదు. ఒక శీలవతి అయిన స్త్రీ తనకు తెలిసిన మర్యాద ప్రకారమే ప్రవర్తించింది. ఆమె మర్యాదకు భంగం కలగకుండా ఆమె ప్రాణం కాపాడే ఏర్పాటు చేయవలసినది మనం. అది మనం చేయలేదు.

బంగ్లాదేశ్ ప్రజలు ఈ పాఠాన్ని వదిలిపెట్టలేదు. ఆశ్రయ భవనాల సంఖ్య పెరిగింది. వాటిలో స్త్రీలకు ప్రత్యేక స్థలం కల్పించసాగారు. పశువుల కోసం ఎత్తయిన మట్టి దిబ్బలు ఏర్పడ్డాయి. కార్యకర్తలలో స్త్రీల సంఖ్యను క్రమంగా పెంచుతూ వచ్చారు. నేడు ఆ కార్యక్రమంలో 76 వేలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. వారిలో సగం మంది స్త్రీలు. బురఖా ధరించి, దానిపై కార్యకర్త చొక్కా తొడుక్కుని, మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లే తల్లులు, అక్కలు అక్కడ సర్వసాధారణ దృశ్యం. 2007 నవంబర్‌లో వచ్చిన సిడర్ తుఫాను కూడా అతి తీవ్రమైనదే. అందులో మరణించినవారు సుమారు మూడున్నర వేల మంది. అదీ చిన్న సంఖ్య కాదు, ప్రతి ప్రాణమూ అమూల్యమైనదే. కానీ లక్షలు వేలకు తగ్గాయి. మెరుగైన వాతావరణ అంచనాలు, కరకట్టలు, ఆశ్రయ భవనాలు ఇందుకు తోడ్పడ్డాయి. అయితే ఆ భవనాల వరకు మనుషులను నడిపించినది తలుపు తట్టిన చేతులే. కాక్స్‌బజార్ శిబిరాలలో తలదాచుకుంటున్న రోహింగ్యా శరణార్థులలో సైతం వేలాది మంది, స్త్రీపురుషులు ఇరువురూ, ఇదే శిక్షణ పొంది తమ శిబిరాలకు తామే కాపలా కాస్తున్నారు. సర్వస్వం కోల్పోయినవారు కూడా సేవ చేయగలిగినప్పుడు, పక్కా ఇళ్లలో ఉన్న మనకు తీరిక లేదని చెప్పడం ఎలా సాధ్యం?

మన తీరం కథ కూడా ఇలాంటిదే. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పది వేల మంది మరణించారు. ఆనాటి పెద్దలు నేటికీ సంవత్సరాలను ‘ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత’ అని లెక్కిస్తారు. 1990 మే నెలలో అంతటి తీవ్రత గల తుఫానే కోస్తాను తాకింది. అప్పటికి హెచ్చరికలు మెరుగుపడ్డాయి, తుఫాను ఆశ్రయాలు వెలిశాయి, లక్షలాది మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. సముద్రం మారలేదు, గాలి మారలేదు. మారినది మనుషుల సన్నద్ధత.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. “రాసిపెట్టినది జరగక మానదు. ఇన్ని ఏర్పాట్లు చేయడం అల్లాహ్‌పై నమ్మకం లేకపోవడం కాదా?” అని మన పెద్దలలో కొందరు అంటారు. వారి మాటలోని భక్తిని గౌరవిస్తూనే, హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) జీవితాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం. రాజుగారి కలకు అర్థం చెప్పమన్నప్పుడు ఆయన కరువు వస్తుందని చెప్పి ఊరుకోలేదు. పంట పండే ఏడేళ్లలో ఏమి చేయాలో చెప్పారు. తినడానికి కావలసినంత మాత్రమే తీసుకుని, మిగిలిన ధాన్యాన్ని వెన్నులలోనే ఉంచమన్నారు. ఎంత సూక్ష్మమైన ఏర్పాటో గమనించండి. అంతేకాదు, ధాన్యాగారాల బాధ్యతను తనకు అప్పగించమని తానే ముందుకు వచ్చారు. స్వచ్ఛంద సేవకు ఇంతకన్నా గొప్ప ఆదర్శం ఏముంటుంది? కరువు వచ్చినప్పుడు ఆ గాదెలు ఈజిప్టు వారికే కాక, దూరదేశం నుండి ఒంటెలతో వచ్చిన వారికి కూడా తెరుచుకున్నాయి. దైవంపై భారం వేయడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. చేయవలసినదంతా చేసి, ఫలితాన్ని ఆయనకు అప్పగించడం.

మరి మన మొహల్లాలో ఏమి చేయగలం? పెద్ద సంస్థ అవసరం లేదు. పెద్ద నిధి కూడా అవసరం లేదు. ఒక నోటు పుస్తకం, నలుగురు నమ్మకస్థులు చాలు.

మొదటిది, ఇళ్ల వివరాలు. ఒక్కొక్క కార్యకర్తకు తన ఇంటి చుట్టూ ఉన్న ఇరవై ఇళ్లు అప్పగించండి. ఏ ఇంట్లో నడవలేని వృద్ధులున్నారు, నిండు గర్భిణి ఎవరు, ఇన్సులిన్, డయాలిసిస్, ఆక్సిజన్ వంటి అవసరం ఎవరికి ఉంది, ఏ ఇంట్లో పురుషులు దూరప్రాంతాలలో ఉన్నారు, ఈ వివరాలు వ్రాసుకోండి. ఇవి అమానతు. రహస్యంగా ఉంచవలసిన అప్పగింత. వాటిని వాట్సాప్ గ్రూపులలో పెట్టరాదు. ఇరవై ఇళ్లలో ముస్లిమేతర సోదరుల ఇళ్లు ఉంటే వాటినీ తప్పక చేర్చండి. నీరు మతం అడిగి ఇంట్లోకి రాదు. పొరుగువారి హక్కు కూడా మతం చూసి మారదు.

రెండవది, స్త్రీల భాగస్వామ్యం. ప్రతి వీధికి కనీసం ఇద్దరు మహిళా కార్యకర్తలు ఉండాలి. ఇది అలంకారం కోసం కాదు. మా ఖాలా అనుభవమే దీనికి సాక్ష్యం. తమ కుమార్తెలను, భార్యలను ఈ శిక్షణకు పంపడానికి సంకోచించే సోదరులు ఒక్క విషయం ఆలోచించాలి. రేపు వరద నీటిలో మీ తల్లిగారి చేయి పట్టుకుని పడవ ఎక్కించేందుకు ఒక స్త్రీ రావాలని మీరు కోరుకుంటే, ఆ స్త్రీ కూడా ఎవరో ఒకరి కుమార్తే, ఎవరో ఒకరి భార్యే. అలాగే ప్రతి గృహయజమాని నేడే తన ఇంట్లో ఒక మాట స్పష్టంగా చెప్పి ఉంచాలి: “ప్రమాద హెచ్చరిక వస్తే నా కోసం, నా ఫోను కోసం ఎదురుచూడవద్దు. పిల్లలను తీసుకుని బయలుదేరండి.” ఈ ఒక్క వాక్యం కొన్ని ప్రాణాలను నిలుపుతుంది.

మూడవది, శిక్షణ. ఉత్సాహం ఉన్నంత మాత్రాన ఎవరూ రక్షకులు కాలేరు. ఈత వచ్చునన్న ధీమాతో ప్రవాహంలోకి దూకి ప్రాణాలు కోల్పోయిన యువకులు ఎందరో. తాడు లేదా గాలి నింపి మూత బిగించిన ఖాళీ క్యాను విసరడం నేర్చుకోవాలే కానీ, శిక్షణ లేకుండా ప్రవాహంలోకి దిగరాదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆధ్వర్యంలోని ‘ఆపద మిత్ర’ పథకం 2016లో 30 జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత 350 జిల్లాలలో లక్ష మంది యువతీ యువకులకు శిక్షణ ఇచ్చే స్థాయికి విస్తరించింది. మన యువకులు జిల్లా విపత్తు నిర్వహణ అధికారులను సంప్రదించి, ఇటువంటి శిక్షణలకు పేర్లు నమోదు చేసుకోవాలి. జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్ర కంట్రోల్ రూము 1070 నంబర్లను మస్జిదు గోడపై పెద్ద అక్షరాలతో వ్రాయించండి.

నాలుగవది, వార్తల సత్యాసత్యాలు. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని కుదిపేసిన తుఫానుకు హుద్‌హుద్ అని పేరు. అది హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) వద్దకు సబా రాజ్యపు వార్తను మోసుకొచ్చిన పక్షి పేరు. ఆ పక్షి నమ్మకమైన వార్త తెచ్చానని చెప్పినా, ఆయన దానిని వెంటనే నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. నిజమా కాదా అని పరిశీలించారు. వరదల వేళ ఆనకట్ట తెగిందనో, మరో అల వస్తున్నదనో ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ పదిమందికి పంపేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. పుకారు వల్ల ఒకసారి అనవసరంగా పరుగెత్తినవారు, రెండవసారి నిజమైన హెచ్చరిక వచ్చినా కదలరు.

అయిదవది, ఇంటి సన్నాహం. ఆధార్, రేషన్ కార్డు, భూమి, బ్యాంకు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రపరచండి. వారానికి సరిపడే మందులు, టార్చి, కొంత నగదు దానితోనే ఉంచండి. నీరు ఇంట్లోకి రాకముందే, చేతులు పొడిగా ఉండగానే మెయిన్ స్విచ్ ఆపివేయాలి. వరద తరువాత వచ్చే విరేచనాలు వరద కంటే తక్కువ ప్రమాదకరమైనవి కావు. మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపి తాగించడం ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి. పాము కరిస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయరాదు. ఆ అవయవాన్ని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చివరిగా, సహాయం అందించే వేళ మర్యాద. పొట్లం అందుకునే చేయిని ఫోటో తీసి పదిమందికి చూపకండి. నిన్నటి వరకు పదిమందికి అన్నం పెట్టిన గృహిణి ఈ రోజు వరుసలో నిలబడి ఉండవచ్చు. ఏమి కావాలో అడిగి ఇవ్వండి. నాలుగు వందల బిర్యానీ పొట్లాలు చేరిన వీధిలో స్త్రీలకు అవసరమైన వస్త్రాలు, పసిపిల్లలకు పాలు, వృద్ధులకు మందులు ఒక్కటీ చేరకపోవచ్చు. ఆ అవసరాలు స్త్రీలు స్త్రీలకే చెప్పగలరు.

గత రంజాన్‌లో ఖాలా ఇంటికి ఇఫ్తార్‌కు వెళ్లాను. గోడపై నీరు నిలిచిన గీత సున్నం వేసినా ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. ఆ ఆపా కూడా వచ్చారు. ఇప్పుడు ఆమె వద్ద ఒక నోటు పుస్తకం ఉంది. ఇరవై రెండు ఇళ్లు. మొదటి పుటలో మా ఖాలా పేరు, ఎదురుగా ‘ఇన్సులిన్, మేడమెట్లు దిగడానికి తోడు కావాలి’ అని వ్రాసి ఉంది. అందులో ఏడు ఇళ్లు హిందూ సోదరులవి, ఒకటి క్రైస్తవ కుటుంబానిది. మూడు నెలలకు ఒకసారి ఆమె ఆ ఇళ్లన్నీ తిరిగి వస్తారట. “వరద కోసమే తిరగడం లేదు భాయీ. వరద రోజున నన్ను చూసి ఎవరూ ‘నువ్వెవరు?’ అని అడగకూడదని తిరుగుతున్నాను” అన్నారు.

ఇంటికి వచ్చి నేను కూడా ఒక నోటు పుస్తకం తీశాను. మా వీధిలో కుడివైపున నాలుగవ ఇంట్లో ఎవరుంటారో, పదకొండేళ్లుగా అదే వీధిలో ఉంటున్న నాకు తెలియదు. మరునాడు అస్ర్ నమాజు తరువాత వెళ్లి ఆ తలుపు తట్టాను.

మీ వీధిలో మీకు పేరు తెలియని ఇల్లు ఏది? వర్షాకాలం రాకముందే ఆ గుమ్మం వరకు వెళ్లి రండి. సలాం చెప్పండి, లేదా నమస్కారం చెప్పండి. సేవ అక్కడే మొదలవుతుంది, ఇన్షా అల్లాహ్.